నిశ్శబ్దంలో నిలబడ్డ మనిషి

డేనియల్ మాస్టారు ఝాన్సీకి మొట్టమొదట నేర్పింది ఊపిరి తీసుకోవడం.

మైకుల రకాలు, తీగ మెలిపడకుండా చుట్టే పద్ధతి, మీటరు ముల్లు ఎర్రగీత దాటకుండా శబ్దాన్ని పట్టుకోవడం, అవన్నీ తరవాతే. ముందు రెండు వారాలు ఆమెను ఖాళీ గదిలో ఒక మైకు ముందు నిలబెట్టి, తను హెడ్‌ఫోన్లు తగిలించుకుని అద్దం అవతల కూర్చునేవాడు.

"ముక్కుతో కాదమ్మాయ్. నోరు వడ్లగింజంత తెరువు. ముక్కుతో పీలిస్తే మైకుకి ఈల వేసినట్టుంటుంది," అనేవాడు. "ఆ గాజులేంటి? తీసెయ్. చున్నీ కూడా. నీ బట్టలు నీకంటే ఎక్కువ మాట్లాడుతున్నాయి."

ముప్పై ఏళ్ళు సినిమా షూటింగుల్లో శబ్దం రికార్డు చేసిన మనిషి. ఆ పనిలో ఒక ఆచారం ఉంది. సీను అయ్యాక, లైట్లు సర్దేముందు, ఆ చోటి నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేస్తారు. మాటకూ మాటకూ మధ్య అతుకు వెయ్యడానికి అది పనికొస్తుంది. ఆ నిమిషం ఎవరూ కదలకూడదు, ఎవరూ బయటికి పోకూడదు.

"ఎందుకు పోకూడదు సార్? జనం లేకపోతే ఇంకా నిశ్శబ్దంగా ఉంటుంది కదా?"

"అది వేరే నిశ్శబ్దం అయిపోతుంది. మనిషి పరుపులాంటివాడు, శబ్దాన్ని తాగేస్తాడు. పదిమంది ఉన్న గది వేరు, తొమ్మిదిమంది ఉన్న గది వేరు. అందుకని హీరో అయినా సరే, నిలబడ్డచోటే నిలబడాలి. ఒకసారి ఒక హీరోగారి కడుపు గుర్రుమంది. నవ్వు ఆపుకోలేక మేకప్ మనిషి స్టూలు మీంచి పడ్డాడు. ఆ ఒక్క నిమిషం ఏడుసార్లు తీశాం."

ఝాన్సీ నవ్వింది. హెడ్‌ఫోన్లలో ఏమీ వినబడక మాస్టారు తల ఎత్తి చూశాడు. ఆమె భుజాలు ఊగుతున్నాయి, మొహం నిండా నవ్వుంది, చప్పుడు మాత్రం లేదు.

"నా సర్వీసులో నీ అంత చప్పుడు లేని మనిషిని చూడలేదమ్మాయ్," అన్నాడు.

ఆ మాటను ఆమె ఇంటికి తీసుకుపోయి, పడుకునేముందు మళ్ళీ ఒకసారి తలుచుకుంది.

వాళ్ళు పనిచేసేది స్టూడియోలో కాదు. విశాఖపట్నంలో ఒక కొండవాలు మీద, చెవిజబ్బుల పరిశోధనశాలలో. బయట ఏ శబ్దమూ లేకపోయినా కొందరి చెవుల్లో ఆగకుండా ఒక మోత మోగుతుంటుంది. అది గాలిలో ఉండదు, చెవి నరంలోనే పుడుతుంది. దాన్ని ఆపాలని డాక్టర్ శేషప్రభ పదేళ్ళుగా పట్టుబట్టి కూర్చుంది. చివరికి ఆమెకు దారి చూపింది మాస్టారి నిమిషమే. సినిమావాళ్ళు మాటల వెనక రొద తుడవాలంటే, ఆ మాటల్లేని నిమిషాన్ని యంత్రానికి వినిపించి, "ఇదీ మురికి. ఎక్కడ కనబడ్డా తీసెయ్" అంటారు. అదే మాట చెవి నరానికి చెప్పగలిగితే?

రోగిని నిశ్శబ్దమైన గదిలో పడుకోబెట్టి, తలకు సన్నటి తీగలు అంటించి, రెండు నిమిషాలు అచ్చు తీస్తారు. ఆ రెండు నిమిషాల్లో గదిలో ఏముందో మైకు చెబుతుంది, చెవి నరంలో ఏముందో తీగలు చెబుతాయి. తరవాత ఆరు రోజులు చెవుల్లో పెట్టిన చిన్న బొడిపెలు ఆ అచ్చును నరానికి నేర్పుతాయి. నరం దాన్ని మురికిగా గుర్తుపట్టి ఇక మెదడుకు చేరవెయ్యడం మానేస్తుంది. పదకొండు మందికి చేశారు. పదకొండు మందికీ మోత ఆగింది.

పన్నెండో మనిషి ఝాన్సీ వాళ్ళమ్మ, అప్పలకొండమ్మ.

ఆమె ఇరవై తొమ్మిదేళ్ళు జూట్ మిల్లులో మగ్గాల దగ్గర పనిచేసింది. మిల్లు మూతపడ్డ రోజున మగ్గాలన్నీ ఆగాయి గాని ఆమె చెవిలో ఆగలేదు. పదకొండేళ్ళు. కుళాయి తిప్పి వదిలి దాని పక్కన కూర్చునేది. స్టేషను దొరకని రేడియోను చెవికి ఆనించుకుని ఆ గరగరలో కళ్ళు మూసుకునేది. కిందటేడు ఒక మధ్యాహ్నం ఝాన్సీ బట్టలకొట్టు నుంచి ఇంటికొచ్చేసరికి, గోడకు చేరగిలబడి, తెరిచిన పిన్నీసు మొన చెవిలో పెట్టుకుని ఉంది. చెయ్యి వణకడం లేదు. ఝాన్సీకి భయం వేసింది ఆ వణకని చెయ్యి చూసే. పరిశోధనశాలలో పనిచేసేవాళ్ళ ఇంటివాళ్ళకు ప్రయోగంలో చోటు దొరుకుతుందని విని, ఆ నెలలోనే కొట్లో ఉద్యోగం మానేసి ఇక్కడ శిక్షణకు చేరింది.

అచ్చు తీసే రోజున అప్పలకొండమ్మ వాలుకుర్చీలో పడుకుని తలమీది తీగలు తడుముకుంది.

"ఇదేటే, జడేస్తారనుకుంటే తీగలేసినారు? మిల్లులోనే నయం, నూలు సుట్టుకునీది."

"కదలకమ్మా. రెండు నిమిషాలు."

డేనియల్ మాస్టారు తలుపు దగ్గర ఆగాడు. ప్రతిసారీ రోగి పక్కన, మైకు దగ్గర నిలబడేది ఆయనే. "ఇవాళ నువ్వు నిలబడు," అన్నాడు ఝాన్సీతో. "నేర్చుకున్న విద్య మీ అమ్మ దగ్గరే మొదలెట్టు. గుర్తుందిగా, దీపం వెలిగిందంటే ఉన్నచోటే ఉండాలి." అని అద్దం అవతలికి వెళ్ళిపోయాడు.

ఎర్రదీపం వెలిగింది. అప్పలకొండమ్మ కళ్ళు మూసుకుంది. ఝాన్సీ నోరు వడ్లగింజంత తెరిచి నిలబడింది.

ఇలా నిలబడడం ఆమెకు కొత్త కాదు. ఒంటిగది ఇల్లు. నాన్న ఆమెకు ఊహ తెలియకముందే పోయాడు. అమ్మ రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకునేది. "గోల సెయ్యకే గుంటా, ఒక్క గంట," అనేది. ఆ గంట కోసం ఝాన్సీ గిన్నె కింద గుడ్డ వేసి దించడం, తలుపును కాస్త ఎత్తిపట్టి తెరవడం, దగ్గు వస్తే దిండులో మొహం దాచుకోవడం నేర్చుకుంది. బళ్ళో టీచరు లేపి ప్రశ్న అడిగితే జవాబు తెలిసినా పైకి వచ్చేది కాదు. పెద్దయ్యాక దాన్ని అందరూ నెమ్మది అన్నారు. ఆమెకు మాత్రం తన లోపల ఎవరో ఎప్పుడూ పడుకుని ఉన్నట్టు, వాళ్ళను లేపకుండా నడుస్తున్నట్టు ఉండేది. ఇవాళ ఆ విద్యే అమ్మకు మందవుతోంది. అనుకోగానే నవ్వు రాబోయింది. దాన్ని కూడా మింగి, ఊపిరి సమంగా వదిలింది.

దీపం ఆరింది. "ముత్యంలా వచ్చింది," అన్నాడు మాస్టారు.

ఆరో రోజు పొద్దున ఇంట్లో అప్పలకొండమ్మ చెవుల్లోంచి బొడిపెలు తీసి అరచేతిలో పెట్టుకుంది. కాసేపు గోడవైపు చూస్తూ కూర్చుంది. తరవాత తలను ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ వంచింది, నీళ్ళు పోయిన చెవిని దులుపుకున్నట్టు.

"ఆగిపోనాది," అంది. "ఓలమ్మ, ఆగిపోనాదే!"

ఆ రోజు ఆమె ఇల్లంతా తిరిగి వింది. గోడమీద బల్లిని వింది. అగ్గిపుల్ల గీసి మంటను వింది. ఆవాలు చిటపటమంటే పొయ్యి దగ్గరే నిలబడి, మాడిపోయేదాకా విని, మళ్ళీ నూనె పోసింది. మధ్యాహ్నం పడుకుని సాయంత్రం దాకా లేవలేదు. నిద్రలో ఆమె నొసటి మీది ముడత విడిపోవడం ఝాన్సీ మొదటిసారి చూసింది. అమ్మ మొహం ఇలా ఉంటుందని ఆమెకు తెలియదు.

నలభై రోజులు ఫోను చెవి దగ్గర పెట్టకూడదు, పెద్ద చప్పుళ్ళ జోలికి పోకూడదు అని డాక్టరు పంపిన కాగితంలో ఉంది. అది తప్ప ఇంకే ఇబ్బందీ లేదు. ఇద్దరూ కూర్చుని తినేవాళ్ళు, కబుర్లు చెప్పుకునేవాళ్ళు. అప్పలకొండమ్మ అడిగినదానికల్లా సరిగ్గా జవాబు చెప్పేది.

ఇరవై మూడో రోజు ఆదివారం. అప్పలకొండమ్మ బాల్కనీ కమ్మీకి ఆనుకుని కింది అంతస్తు పార్వతితో చేపల ధర గురించి మాట్లాడుతోంది. ఝాన్సీ వెనక నుంచి వచ్చి, "అమ్మా, కాఫీ," అంది. అమ్మ తిరగలేదు. "అమ్మా, చల్లారిపోతోంది." తిరగలేదు.

కింద నుంచి పార్వతి అరిచింది. "పిన్నీ! నీ కూతురు కాపీ కాపీ అని పిలుస్తంది, ఇనబళ్ళేదేటి?"

అప్పలకొండమ్మ వెంటనే తిరిగింది. "ఇలాగియ్యి," అని గ్లాసు అందుకుంది.

కింది అంతస్తుకు వినబడ్డ మాట చెయ్యి చాస్తే అందేంత దూరంలో వినబడలేదు. మగ్గాల మోతలో మాట వినబడదు గనక మిల్లు ఆడవాళ్ళంతా పెదాలు చూసి మాట్లాడుకునేవాళ్ళు. ఇరవై తొమ్మిదేళ్ళలో అమ్మకు అది కళ్ళలోకి దిగిపోయింది. ఎదురుగా ఉన్నంతసేపూ ఏ తేడా తెలియదు. ఝాన్సీ లోపలికి వెళ్ళి తువ్వాలు తెచ్చుకుని, నోటికి అడ్డం పెట్టుకుని వచ్చింది.

"అమ్మా, ఇవాళ కూరేం చేద్దాం?"

అప్పలకొండమ్మ తువ్వాలును చూసింది. కొంచెం ఆగి, "పన్ను నొప్పేటే?" అంది.

మర్నాడు పరిశోధనశాలలో అప్పలకొండమ్మ కళ్ళకు గంతలు కట్టి, తలకు మళ్ళీ తీగలు అంటించి, ఒక్కొక్క గొంతే వినిపించారు. డాక్టరు గొంతుకు తెర మీద గీత లేచింది. మాస్టారి గొంతుకు లేచింది. ముందురోజు ఝాన్సీ పార్వతి చేత చదివించి రికార్డు చేసిన పాల ప్యాకెట్టు మీది అక్షరాలకు కూడా లేచింది. ఝాన్సీ గొంతు వచ్చేసరికి గీత పడుకుంది. రికార్డింగు ఎనిమిది సెకన్లు నడిచింది. ఎనిమిది సెకన్లూ గీత బల్లమీద దారంలా పడి ఉంది. రోగి ముందు ఏమీ అనకుండా డాక్టరు ఆమెను నర్సుతో టీ తాగడానికి పంపింది.

"ఊపిరిలో గొంతు ఆకారం ఉంటుంది," అంది శేషప్రభ, తెర మీంచి చూపు తిప్పకుండా. "గొంతు గొట్టం ఎంత పొడుగు, నోరు ఎంత లోతు, అంతా. మైకు పట్టింది. యంత్రం శబ్దాన్ని నేర్చుకోలేదు, శబ్దం వచ్చే చోటును నేర్చుకుంది. ఆ చోటి నుంచి ఏది వచ్చినా ఇక మురికే. రోగి సొంత గొంతు ఎముకలోంచి చేరుతుంది గనక దానికేం కాలేదు."

మాస్టారు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "ఏడో నంబరు పెద్దాయన," అన్నాడు నెమ్మదిగా. "కారిడార్లో ఎన్నిసార్లు నమస్కారమండీ అన్నానో. పలికేవాడు కాదు. పొగరనుకున్నాను." తన చేతులు చూసుకున్నాడు. "మొత్తం పదకొండు మందికీ నేను లేనన్నమాట. నాకేం పోలేదు, వాళ్ళకి నేనెవర్ని?"

ఝాన్సీ అడిగింది. "వెనక్కి తియ్యొచ్చా?"

"నలభై రోజుల లోపు తియ్యొచ్చు. తరవాత నరం గట్టిపడిపోతుంది."

"తీసి, నేను లేకుండా మళ్ళీ..."

"రెండోసారి పట్టదు. నరం ఒక్కసారే నేర్చుకుంటుంది. ఎలుకల్లో చూశాం." డాక్టరు ఆమె వైపు తిరిగింది. "నీ గొంతు ఒక్కటే వేరుచేసి ఇవ్వలేను ఝాన్సీ. చారులో ఉప్పు కలిశాక ఉప్పొక్కటే తీసినట్టు. రెండూ ఒకే అచ్చు. తిరిగొస్తే నువ్వూ వస్తావు, మోతా వస్తుంది. ఆవిడకి చెప్పి, అడిగి రా. పదహారు రోజులుంది."

ఝాన్సీ వెంటనే చెప్పలేదు. రేపు చెబుదామనుకుంటూ రోజూ అమ్మ నిద్రపోవడం చూసేది. బస్సులో, అన్నం వార్చేటప్పుడు, తలుపు గడియ పెట్టేటప్పుడు తను చెప్పబోయే మాటలు కూర్చుకునేది. అమ్మ ఏమంటుందో ఆమెకు తెలుసు. "నీ మాట ఇనబడని సెవి నాకెందుకే, తీయించీ," అంటుంది. అప్పుడు తను అడ్డుపడాలి. వద్దమ్మా, నువ్వు పదకొండేళ్ళు పడింది చాలు అనాలి. పిన్నీసు గుర్తుచెయ్యాలి. అమ్మ ఏడుస్తుంది. తను ఒప్పించాలి. ఆ ఒప్పించడాన్ని ఆమె రోజూ కొంచెం కొంచెం మెరుగుపెట్టింది, ఏ మాట తరవాత ఏ మాట వెయ్యాలో, ఎక్కడ ఆగాలో. బాధగానే ఉండేది. కాని ఆ బాధలో ఒక తియ్యదనం కూడా ఉందని, దానికోసమే రోజులు పొడిగిస్తున్నానని ముప్పై ఆరో రోజున, బియ్యం కడుగుతుండగా ఆమెకు తట్టింది. చేతులు తుడుచుకుని వెళ్ళి అమ్మ ఎదురుగా కూర్చుంది.

అప్పలకొండమ్మ చిరిగిన గోనెసంచి అంచు కుడుతోంది. ఝాన్సీ అంతా చెప్పింది. నిశ్శబ్దం అచ్చు తీసినప్పుడు తను గదిలో నిలబడి ఉండడం, ఊపిరి, నలభై రోజుల గడువు, వెనక్కి తీస్తే ఏమవుతుందో, అన్నీ. అమ్మ ఆమె పెదాల మీంచి చూపు తియ్యకుండా వింది. సూది గోనెలో సగం దిగి ఆగింది.

"నాకు తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"నీ మాట ఇనబడ్డం లేదని. మోత ఆగిన మూడోనాడే తెలిసింది. నువ్వు కుళాయి కాడ బట్టలు ఉతుకుతా ఏదో అన్నావు. నీళ్ళు ఇనిపించినాయి, నువ్వు ఇనపళ్ళేదు."

"మరి చెప్పలేదేం?"

అప్పలకొండమ్మ సూది వైపు చూసింది. "సెప్తే తీసుకుపోయి మళ్ళీ మోత ఎట్టెస్తారని."

కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ ఇక్కడ అతకదు. అవన్నీ అమ్మ వదులుకోబోతే ఆపడానికి కట్టినవి. అమ్మ ఏదీ వదులుకోవడం లేదు.

"ఒద్దే తల్లీ," అంది అప్పలకొండమ్మ. ఆమె గొంతు బతిమాలుతోంది. కూతుర్ని కాదు, ఎవరో పై అధికారిని బతిమాలుతున్నట్టు. "నాను మళ్ళీ అందులోకి ఎల్లలేను. నీ మాట నాకు కనిపిస్తాది కదా. కనిపిస్తే సాలదేటి?"

"చాలు."

"కోపమొచ్చిందేటి?"

"లేదమ్మా."

"మొగం అలాగ పెట్టీసినావు."

ఝాన్సీ మొహం సరిచేసుకుంది. ఇక అడగకూడదని తెలిసీ అడిగింది. "నా గొంతు ఎలా ఉంటుందో గుర్తుందా నీకు?"

"ఉండదేటి!" అప్పలకొండమ్మ ఒక్కసారి వెలిగింది. "మిల్లులో పసిపిల్లల గది ఎక్కడో ఆ సివర. మద్దిన నూటిరవై మగ్గాలు. అయినా నువ్వేడిస్తే నాకు ఇనిపించీది. మేస్త్రీ నమ్మీవోడు కాదు. ఎల్లి సూసొస్తే నువ్వే, గుక్కపట్టి. అంత గొంతు నీది."

"ఇప్పటిది?"

అప్పలకొండమ్మ వెతికింది. కళ్ళు గది మూలలకు వెళ్ళి ఖాళీగా తిరిగొచ్చాయి.

"నువ్వెప్పుడు గట్టిగా మాటాడినావే?" అంది చివరికి. ఆమె మాటలో నిష్ఠూరం లేదు. నిజంగా తెలియకే అడిగింది.

నలభయ్యో రోజున ఝాన్సీ పరిశోధనశాలకు వెళ్ళి, వెనక్కి తియ్యవద్దని అమ్మ వేలిముద్ర వేసిన కాగితం డాక్టరుకు ఇచ్చింది. శేషప్రభ దాన్ని ఫైల్లో పెట్టి, ఆమె భుజం మీద చెయ్యివేసింది. అచ్చుగది తలుపుకు కొత్త కాగితం అంటించి ఉంది, మాస్టారి చేతిరాతలో: దీపం వెలిగినప్పుడు లోపల రోగి తప్ప ఎవరూ ఉండకూడదు. ఆయన వసారాలో తీగలు చుడుతున్నాడు. ఎన్నేళ్ళ అలవాటో, చేతులు వాటంతటవే తిరుగుతున్నాయి.

"ముప్పై ఏళ్ళు అందర్నీ నిలబెట్టానమ్మాయ్," అన్నాడు. "పొమ్మనడం ఇప్పుడు నేర్చుకుంటున్నాను."

ఆమె ఆయన పక్కన కూర్చుని రెండో చుట్ట అందుకుంది. ఇద్దరూ సాయంత్రం దాకా తీగలు చుట్టారు.

ఇంటికొచ్చేసరికి అమ్మ డాబా మీద ఉంది. పిట్టగోడ దగ్గర ముక్కాలిపీట వేసుకుని, వీపు ఇటు పెట్టి, దూరంగా కనబడే సముద్రం వైపు మొహం పెట్టి వింటోంది. కింద ఎవరో పప్పు తిరగమోత వేశారు. ఎక్కడో రిక్షాగొలుసు గీరుకుంది. అమ్మ వేలు ఒళ్ళో చిన్నగా కదులుతోంది, ఒక్కో చప్పుడునూ పూసలా దారంలో గుచ్చుకుంటున్నట్టు.

ఝాన్సీ మెట్ల గది గుమ్మంలో ఆగింది. ముందు మామూలుగా అంది, "అమ్మా." తరవాత కొంచెం పెద్దగా అంది. ఇంత దూరంలో, ఇంత వెలుతురులో, ఎవరూ నిద్రపోని వేళలో, ఏమైనా అనొచ్చని ఆమెకు తోచింది. "నువ్వు ఒక్కసారి తీయించెయ్ అంటావనుకున్నానమ్మా," అంది. "ఊరికే మాటకైనా. నిన్ను తీయించుకోనిచ్చేదాన్ని కాదు. అయినా అంటావనుకున్నాను." మాటలు బయట గాలిలో ఎలా ఉంటాయో ఆమె ఇంతవరకూ ఎరగదు. గొంతు బొంగురుగా, తనది కానట్టు ఉంది. గుండెలనిండా గాలి పీల్చింది, ముక్కుతోనే, ఈల వేసినట్టు. ఇరవై ఆరేళ్ళలో ఎన్నడూ లేనంతగా అరిచింది.

"అమ్మా!"

నీళ్ళ ట్యాంకు మీది గోరింకలు ముప్పై నలభై ఒక్కసారిగా లేచాయి. ఎదురింటి కిటికీలోంచి ఎవరో తొంగిచూశారు. రెక్కల చప్పుడుకు అప్పలకొండమ్మ ఉలిక్కిపడి తల ఎత్తింది. పిట్టలు పోయినవైపు చూసి, ఇటు తిరిగింది. మొహం నిండా ఆశ్చర్యం, సంతోషం.

"ఎప్పుడొచ్చినావే? సూసినావా, గోరింకలన్నీ ఎలాగ లేసిపోనాయో! పిల్లేటైనా వచ్చిందా?"

ఝాన్సీ వెలుతురులోకి వచ్చి, మొహం అమ్మకు కనబడేలా నిలబడింది.

"వచ్చినట్టుందమ్మా," అంది.

అప్పలకొండమ్మ పీట మీంచి లేచి, ట్యాంకు వెనక్కి వంగి, పిల్లి కోసం వెతికింది.